తుంగభద్రా జలములు - జనవర్గములు

(విద్యార్థుల తల్లిదండ్రులకు ఉద్దేశింపబడిన పాఠము)

గత సంవత్సరము ఏడవ తరగతిలో నదులను గూర్చిన పాఠము చెప్పుచు, "ఆనకట్ట వలన మీ గ్రామమునకు కలిగిన లాభమేమి?" అని విద్యార్థులను ప్రశ్నించితిని. కాలువ పైభాగమున నున్న ఒక క్యాంపునుండి వచ్చు బాలిక లేచి, "మా పొలమునకు రెండు పంటలకును నీరు వచ్చుచున్నది" అని చెప్పెను. అదే కాలువ చివరనున్న గ్రామమునుండి వచ్చు బాలుడు, "మా పిల్లకాలువలో మేము క్రికెట్టు ఆడుకొందుము" అనెను. తరగతి యంతయు నవ్వినది. ఆ బాలుడు మాత్రము నవ్వలేదు.

వారిరువురును తెలుగు బిడ్డలే. ఇరువురి యిండ్లలోను తెలుగే మాటలాడుదురు. ఇరువురి గ్రామములకును నీరు రావలసినది ఒక్క జలాశయమునుండియే. మరి ఒకరికి రెండు పంటలు, మరియొకరికి ఎండిన కాలువ యెట్లు సంభవించెను? పాఠ్యపుస్తకములో జలాశయపు వైశాల్యము, ఆయకట్టు విస్తీర్ణము ఉన్నవి కాని యీ ప్రశ్నకు సమాధానము లేదు. ఆ సమాధానము బిడ్డలకంటె ముందు పెద్దలమైన మనము తెలిసికొనవలసినదని తలచి యీ వ్యాసమును వ్రాయుచున్నాను.

"నీరు పల్లమెరుగును, నిజము దేవుడెరుగును" అని మనవారి సామెత. నదిలోని నీటి విషయమున నిది సత్యమే. కాని కాలువలోని నీరు పల్లమును మాత్రమే యెరిగి ప్రవహించుటలేదు. గట్టుపై నిలిచినవారెవరు, వారి చేతిలోని ధనమెంత, వారి మాటను ఆలకించువారెవరు అను విషయములను కూడ నెరిగియే యది ప్రవహించుచున్నది. ఒక ప్రాంతపు రాజకీయములు, ఆర్థికస్థితి, నీరు భూమి మొదలగు సంపదల నిర్వహణము, ఈ మూడును అచ్చట పోటీపడు జనవర్గముల బలాబలములను బట్టి రూపొందుచుండును. తుంగభద్రా తీరమున నివసించు మనకు దీనికి ఉదాహరణము వెదుకుటకు దూరము పోవలసిన పనిలేదు.

నది - పూర్వచరిత్ర

తుంగ, భద్ర అను రెండు నదులు పశ్చిమ కనుమలలో జన్మించి, శివమొగ్గ సమీపమున కూడలి యను క్షేత్రమువద్ద కలిసి తుంగభద్ర యగుచున్నవి. వర్షము మిక్కుటముగా కురియు మలెనాడునుండి బయలుదేరిన యీ నది, వర్షము మిక్కిలి తక్కువైన బళ్ళారి, రాయచూరు, కర్నూలు సీమల మీదుగా ప్రవహించి కృష్ణలో కలియుచున్నది. వానలు లేని సీమకు వానల సీమనుండి నీటిని తెచ్చుటచేతనే యీ నదికి ఇంత విలువ కలిగినది. దానికై యింత పోటీయు నేర్పడినది.

విజయనగర ప్రభువులు నదికి అడ్డముగా చిన్న కట్టలు కట్టించి కాలువలు త్రవ్వించిరి. హొసపేట, కంప్లి ప్రాంతములలో వానిలో కొన్ని నేటికిని పారుచునే యున్నవి. ఆ కాలమున చెరువు త్రవ్వించినవారికి, దానిని బాగుచేయుచుండువారికి దశబంధము అను పేర మాన్యము నిచ్చెడివారు. అనగా నీటిని కాపాడుపని యెవరిదో, అందుకు వారికి లభించు ప్రతిఫలమేదో స్పష్టముగా నుండెడిది. కాని భూమిలేని కూలివానికి ఆ యేర్పాటులో శ్రమయే కాని స్వామ్యము లేకుండెను. నీటి నిర్వహణలో వర్గభేదము నిన్న మొన్న పుట్టినది కాదని దీనివలన గ్రహింపవచ్చును.

ఆంగ్లేయుల కాలమున 1860 తరువాతి దశాబ్దములో మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ యను సంస్థ సుంకేశులవద్ద ఆనకట్ట కట్టి కర్నూలు - కడప కాలువను త్రవ్వించెను. లాభాపేక్షతో మూలధనము పెట్టిన యా సంస్థ ఆశించిన ఆదాయమును పొందలేదు. 1882లో ప్రభుత్వము ఆ కాలువను కొనెను. ఈ లోపల 1876-78 సంవత్సరములలో సంభవించిన ఘోరక్షామము, పెద్దలు ధాత కరవు అని చెప్పుకొనునది, బళ్ళారి సీమను పాడుచేసినది. నదిపై పెద్ద జలాశయము కట్టవలెనను ఆలోచన అనేక దశాబ్దములు సాగినను, నదికి ఒక గట్టు మద్రాసు రాజధానిలోను, మరియొక గట్టు నిజాము రాజ్యములోను ఉండుటచేత పంపకము తేలలేదు. కరవు ఇరుగట్టులవారికిని సమానమే. ఒప్పందమే దుర్లభమైనది.

రెండు రాళ్ళు, ఒక కట్టడము

తుదకు 1944లో మద్రాసు, హైదరాబాదు ప్రభుత్వములకు ఒడంబడిక కుదిరెను. చెరి 65 టి.యం.సి.ల నీటిని వాడుకొనుటకు అంగీకరించిరి. టి.యం.సి. యనగా శతకోటి ఘనపుటడుగులు. 1945 ఫిబ్రవరి 28వ తేదీన ఎడమగట్టున హైదరాబాదు పక్షమున బేరారు యువరాజు, కుడిగట్టున మద్రాసు గవర్నరు సర్ ఆర్థర్ హోప్ శంకుస్థాపనలు చేసిరి. ఒక్క కట్టడమునకు ఒకే దినమున రెండు శంకుస్థాపనలు! ఈ జలాశయము పుట్టుకలోనే పంపకము ఇమిడియున్నదని చెప్పుటకు ఇంతకంటె నిదర్శన మక్కరలేదు.

1953లో కాలువలకు నీరు వదలిరి. ఈ నీటికొరకు సుమారు 90 గ్రామములు మునిగిపోయినవి. ఏబదివేలకు పైబడిన జనులు ఇండ్లు వాకిండ్లు విడిచిరి. నీటి లాభమును లెక్కించునప్పుడు మొదట నష్టపడిన యీ వర్గమును మనము సాధారణముగా మరచుచుందుము. తమ భూములను జలాశయమునకు అర్పించినవారు ఒకరు, ఆ జలముతో భూములను పండించుకొన్నవారు వేరొకరు.

ఆ సంవత్సరముననే అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్ర మవతరించెను. బళ్ళారి జిల్లాలోని ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రలో చేరినవి. తక్కిన తాలూకాలు మైసూరులో చేరినవి. బళ్ళారి తాలూకాను గూర్చి తీవ్రమైన వివాదము చెలరేగగా, న్యాయమూర్తి మిశ్రాగారి విచారణానంతరము అదియు మైసూరునకే చెందెను. జలాశయము ఒక రాష్ట్రమున, దాని కాలువలలో కొన్ని మరియొక రాష్ట్రమున ఉండుటచేత ఉమ్మడి నిర్వహణకై తుంగభద్రా బోర్డు నేర్పరచిరి. 1956లో హైదరాబాదు రాష్ట్రము విభజింపబడి రాయచూరు మైసూరులో చేరుటతో, ఎడమ కాలువయు మైసూరునకు వచ్చెను.

నీటిని పంచిన యా పునర్వ్యవస్థయే మనుష్యులను కూడ పంచినది. ఏ సరిహద్దు గీచినను కొందరు తమ భాష మాటలాడు రాష్ట్రమునకు వెలుపల మిగిలిపోక తప్పదు. అట్టివారి బిడ్డలకు ప్రాథమిక విద్య మాతృభాషలో లభించుటకై 1956లో రాజ్యాంగమునకు చేసిన ఏడవ సవరణము 350-ఎ అను అధికరణమును చేర్చినది. మన పాఠశాలవంటి సంస్థలకు అది యొక ఆలంబనము. కాలువయు, తెలుగు బడియు ఒకే కాలపు మార్పులనుండి పుట్టిన తోబుట్టువులని మనము జ్ఞాపకముంచుకొనవలెను.

వలస వచ్చిన రైతులు

కాలువ వచ్చుటకు పూర్వము ఎడమగట్టు ప్రాంతము నల్లరేగడి మెట్ట. జొన్న, ప్రత్తి, వేరుసెనగ వర్షాధారముగా పండెడివి. కాలువనీటికి పొలమును సిద్ధము చేయుట సామాన్య విషయము కాదు. చదును చేయవలెను, మడులు కట్టవలెను, బోదెలు త్రవ్వవలెను. అందుకు పెట్టుబడియు, తరిసాగులో అనుభవమును కావలెను. స్థానికులైన రైతులలో పెక్కుమందికి అవి రెండును లేకుండెను.

అదే సమయమున కృష్ణా గోదావరీ మండలములలో భూమి వెల పెరిగి, అన్నదమ్ముల పంపకములతో కమతములు చిన్నవయ్యెను. అచ్చట కొలది భూమి నమ్మినవారు ఇచ్చట దానికి అనేక రెట్లు కొనగలిగిరి. నిజాంసాగరము క్రింద అంతకు పూర్వమే యిట్టి వలస జరిగియుండెను. అదే మార్గమున గంగావతి, సింధనూరు, మాన్వి, సిరుగుప్ప ప్రాంతములకు తెలుగు రైతులు వచ్చి క్యాంపులు కట్టుకొనిరి. తరువాతి కాలమున తూర్పు బెంగాలునుండి వచ్చిన శరణార్థులకు సింధనూరు తాలూకాలో ప్రభుత్వము పునరావాస శిబిరములు నెలకొల్పెను. ఇట్లు ఒక్క కాలువ వెంబడి కన్నడము, తెలుగు, ఉర్దూ, బెంగాలీ మాటలాడు జనులు చేరిరి.

క్యాంపులవారు తొలిదినములలో పడిన శ్రమ సామాన్యమైనది కాదు. తుమ్మచెట్లు కొట్టి, పాకలలో నివసించి, ముండ్లభూమిని మాగాణి చేసిరి. వారి వెంట బియ్యపు మిల్లులు, ఎరువుల దుకాణములు, అప్పులిచ్చు కమీషన్ వ్యాపారులు వచ్చిరి. గంగావతి కర్ణాటకమునకు అన్నపుగిన్నె యని పేరు గాంచెను. ఇది మనకు గర్వకారణమే. కాని గర్వము లెక్కను మరపింపరాదు. స్థానికుడు భూమిలో కొంత అమ్మి, ఆ ధనముతో మిగిలిన దానిని బాగుచేసికొన్న చోట అతడును బాగుపడెను. అప్పు తీర్చుటకై యంతయు నమ్మిన చోట తన పూర్వుల పొలముననే కూలివా డయ్యెను. ఒక్క వలసయే ఒక వర్గమునకు ఉన్నతిని, మరియొక వర్గమునకు పతనమును కలిగింపగలదు.

కాలువ తల - కాలువ తోక

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వత్తము. ఎడమ కాలువ పొడవు సుమారు 227 కిలోమీటర్లు. దాని క్రింద సుమారు 6 లక్షల యెకరములు సాగు కావలెనని సంకల్పము. నీటిని కొద్దిమందికి సమృద్ధిగా నిచ్చుటకంటె, కరవు సీమలో ఎక్కువమందికి కొంచెము కొంచెముగా నిచ్చుట మేలని పథకకర్తలు తలచిరి. అందుచేత ఏ సర్వే నంబరులో ఏ పైరు వేయవలెనో ముందే నిర్ణయించిరి. దీనిని ఉద్యోగులు లోకలైజేషన్ అందురు. అధికభాగము జొన్న, ప్రత్తి, వేరుసెనగవంటి ఆరుతడి పైరులకు కేటాయింపబడెను. వరికి కేటాయించినది స్వల్పభాగమే.

కాగితముపైనున్న యీ న్యాయము పొలములో నిలువలేదు. కాలువ పైభాగమున నున్నవాడు తనకు ఆరుతడి నిర్ణయమైన పొలములో వరి నాటెను. వరికి ఆరుతడి పైరుకంటె ఎన్నో రెట్లు నీరు వలయును. ఒకమారు నాటిన పిమ్మట అది యెండిపోవుటను ఎవరును చూడజాలరు. అప్పు తెచ్చినవాడు ఒప్పడు, అప్పిచ్చినవాడు ఒప్పడు, మిల్లు యజమాని ఒప్పడు, ఓట్లడిగినవాడు ఒప్పడు. కావున తూములు పెద్దవయ్యెను. రాత్రివేళ గేట్లు లేచెను. కాలువపై కావలియుండు లస్కరుకు జీతమిచ్చునది ప్రభుత్వమైనను, ప్రతిదినము ముఖము చూడవలసినది గట్టుమీది రైతును. క్రమముగా చట్టవిరుద్ధమైన వరిసాగు వాడుకగా మారి, వాడుక హక్కుగా మారెను. మాన్వి, సిరవార, రాయచూరు తాలూకాల చివరి గ్రామములకు పోవలసిన నీరు మార్గమధ్యమున మాయమయ్యెను.

ఈ మార్పు ఆర్థికస్థితిని, రాజకీయములను కూడ మార్చెను. పైభాగపు భూమి వెల పెరిగెను. చివరిభాగపు భూమి మెట్టధరకు దిగెను. చివరి గ్రామముల స్త్రీలు నాట్ల కాలమున పైగ్రామములకు కూలికి పోవుచున్నారు. అనగా తమ పొలమునకు రాని నీటిని వెదకుకొనుచు తామే నీరున్న చోటికి పోవుచున్నారు. ఏ కాలువకు ఎన్నాళ్ళు నీరు వదలవలెనో నిర్ణయించు నీటిపారుదల సలహా సమితి మునిరాబాదులో సమావేశమగును. అందు శాసనసభ్యులు ప్రధానపాత్ర వహింతురు. నీరు తగ్గిన సంవత్సరములలో చివరి రైతులు రహదారుల నడ్డగింతురు. కొన్ని పర్యాయములు కాలువగట్టుపై నిషేధాజ్ఞలు విధించి, పోలీసు కాపలాతో నీటిని క్రిందికి పంపవలసివచ్చినది. నీటి లెక్క ఇంజనీయరు చేతినుండి జారి, రాజకీయ బలపు చేతికి వచ్చుట యిట్లే జరుగును.

ఇందు మరియొక విశేష మున్నది. ఎక్కువ నీరు తీసికొన్నవాడు ఎల్లప్పుడును బాగుపడలేదు. నల్లరేగడిలో నీరు నిలిచి, క్రిందినుండి ఉప్పు పైకి తేలి, పైభాగమున వేలకొలది యెకరములు చౌడుబారినవి. గంగావతిలోని వ్యవసాయ పరిశోధనా కేంద్రము చాలకాలముగా నీ చౌడునేలల సమస్యను పరిశోధించుచున్నది. తోకన నీరు లేక భూమి పాడగుచున్నది. తలన నీరెక్కువై భూమి పాడగుచున్నది. రెండు నష్టములకును కారణ మొక్కటే.

వర్గమనగా భాష కాదు

ఇట్టి వివాదము ముదిరినపుడు "క్యాంపువారు", "స్థానికులు" అను మాటలు వినవచ్చును. వెంటనే అది తెలుగు - కన్నడ కలహముగా రూపుదాల్చును. ఇది పెద్ద పొరపాటు. పైభాగమున వరి పండించువారిలో కన్నడ భూస్వాములును కలరు. చివరిభాగమున ఎండిన కాలువను చూచువారిలో తరతరములుగా నిచ్చట నివసించు తెలుగువారును కలరు. మా తరగతిలోని బాలుడు అట్టివాడే. కాలువ విషయమున మనుష్యులను విభజించునది నాలుక కాదు, తూము. పొలము తూమునకు పైనున్నదా, క్రిందనున్నదా యనునదే ముఖ్యము.

తెలుగువారి మధ్యనే చూడుడు. 1937 నవంబరులో శ్రీబాగు ఒడంబడిక జరిగినప్పుడు రాయలసీమ నాయకులు కోరిన ముఖ్యవిషయములలో నీరు ఒకటి. కృష్ణ, తుంగభద్ర, పెన్న జలముల వినియోగమున రాయలసీమకు, నెల్లూరికి ప్రాధాన్యమిచ్చుటకు కోస్తా నాయకులు అందు అంగీకరించిరి. భాష యొక్కటియైనను ప్రయోజనములు ఒక్కటి కావని ఉభయులును ఒప్పుకొన్న పత్రమది.

రాజోలిబండ ఆనకట్ట మరియొక ఉదాహరణము. హైదరాబాదు రాజ్యము సంకల్పించిన యీ పథకపు కాలువ రాయచూరు జిల్లాలో బయలుదేరి, నేటి తెలంగాణములోని గద్వాల, అలంపురము ప్రాంతములకు పోవుచున్నది. బచావత్ ట్రిబ్యునలు దీనికి 15.90 టి.యం.సి.లు కేటాయించెను. 87,500 యెకరములు తడియవలెనని సంకల్పింపబడినను చివరి భూములకు నీరు సరిగా అందలేదు. ఆనకట్టను బాగుచేసి ఎత్తు పెంచవలెనని ఆ రైతులు కోరగా, క్రింద సుంకేశులకు వచ్చు ప్రవాహము తగ్గునని కర్నూలు రైతులు అడ్డుచెప్పిరి. ఇరుపక్షములును తెలుగువారే. 2014లో తెలంగాణ మేర్పడకముందు ఇరువురును ఒకే రాష్ట్రములో నుండిరి. వివాదము అప్పుడును కలదు. కావున సరిహద్దు మార్చినంతమాత్రమున నీటి వివాదము తీరదు, భాష కలిసినంతమాత్రమున ప్రయోజనములు కలియవు.

తరుగుచున్న భాండము

1953లో ఈ జలాశయమున 133 టి.యం.సి.ల నీరు నిలువగలిగెడిది. ఏటేట కొట్టుకొనివచ్చు పూడికచేత ఆ శక్తి సుమారు 105.8 టి.యం.సి.లకు తగ్గినది. అనగా ఇరువదియేడు టి.యం.సి.లు పట్టు చోటు మట్టిపాలైనది. జలాశయపు నీటిలో 212 టి.యం.సి.లకు గాను కర్ణాటకమునకు 138.99, ఆంధ్రప్రదేశమునకు 66.50, తెలంగాణమునకు 6.51 చొప్పున వాటాలున్నవి. అంత నీరు రాని సంవత్సరమున ఉన్న నీటిని ఆ నిష్పత్తిని బట్టి తగ్గించి పంచుదురు. వాటాల అంకెలు మారలేదు. పాత్ర మాత్రము చిన్నదైనది.

దీనికి పరిహారముగా నవలివద్ద మరియొక జలాశయము కట్టవలెనని కర్ణాటకము కోరుచున్నది. ఎగువ కాలువకు సమాంతరముగా వరదకాలువ త్రవ్వవలెనని ఆంధ్రప్రదేశము కోరినది. ఒకరి ఉపాయమునకు మరియొకరి అంగీకారము కావలెను. అంగీకారము కుదరనంతకాలము వరదనీరు ఎవరికిని దక్కక దిగువకు పోవుచుండును.

2024 ఆగస్టు 10వ తేదీ రాత్రి జలాశయము నిండియుండగా, 33 ద్వారములలో 19వ దాని గొలుసు తెగి తలుపు కొట్టుకొనిపోయినది. కట్టపై భారము తగ్గించుటకై తక్కిన ద్వారములను కూడ తెరువవలసివచ్చెను. రైతులు కన్నులార చూచుచుండగా, నిలువచేసిన నీరు ఏటిపాలయ్యెను. గేట్ల నిపుణులైన శ్రీ కన్నయ్యనాయుడుగారి సలహాతో ఇంజనీయర్లు, పనివారు ప్రవాహము నడుమనే తాత్కాలికపు తలుపును సుమారు వారము దినములలో అమర్చిరి. ఆ రాత్రి తల లేదు, తోక లేదు, రాష్ట్రము లేదు, భాష లేదు. తలుపు పోయినది అందరిది. తమ తమ వాటాలకై ఏడు దశాబ్దములు వాదించిన వర్గములన్నియు ఒక్క గొలుసుపై ఆధారపడియున్నవని అప్పుడు తెలిసెను. వాటాకై వాదించువారు పెక్కురు. గొలుసును పరీక్షింపుడని పట్టుపట్టువారు అరుదు.

పోటీనుండి కట్టుబాటు

అయినచో పోటీ వలన చెడుగే కలుగునా? కాదు. న్యూజీలండు దేశీయుడైన రాబర్ట్ వేడ్ అను పండితుడు ఆంధ్రలోని మెట్టసీమ కాలువ గ్రామములను పరిశీలించి, 1988లో ఒక గ్రంథమును ప్రకటించెను. దాని పేరునకు "గ్రామ గణరాజ్యములు" అని యర్థము. ఆ గ్రామములలో కొన్నిటియందు రైతులే కూడి ఊరి సొమ్ముతో నీరుకట్టువారిని, పొలపు కావలివారిని నియమించుకొనిరి. నీరుకట్టువారు వంతుప్రకారము మడులను తడుపుదురు. ఎవరి పొలమని చూడరు. ఇట్టి కట్టుబాటు అన్ని గ్రామములలోను లేదు. నీటి కొరత, పంటనష్టపు భయము ఎక్కువగా నున్న కాలువ చివరి గ్రామములలోనే యది యెక్కువగా కానవచ్చెను. నీరు సమృద్ధిగా నున్న పైగ్రామములకు దాని యవసరము తోచలేదు.

ఇందలి నీతి స్పష్టము. చివరివారు స్వభావముచేత మంచివారు, పైవారు చెడ్డవారు అని కాదు. కట్టుబాటు లేనిదే బ్రతుకజాలమని తెలిసినవారు కట్టుబాటును చేసికొందురు. పైవానికి ఆ జ్ఞానము కలుగుటకు భూమి చౌడుబారువరకు, తలుపు కొట్టుకొనిపోవువరకు వేచియుండవలెనా? చదువు అను సాధన మున్నది గదా! అనుభవము ఆలస్యముగా నేర్పుదానిని ముందుగా నేర్పుటయే పాఠశాల పని.

మనము చేయదగినది

మొదటిది, మన బిడ్డలకు మన శ్రమను గూర్చి చెప్పునపుడు, మన తూమునకు క్రిందనున్నవారిని గూర్చి కూడ చెప్పవలెను. తాతగారు తుమ్మలు కొట్టిన కథ నిజము. ఆ తాతగారి పొలమునకు ఆరుతడి వాటా నిర్ణయమైయుండగా వరి నాటిన సంగతియు నిజము. రెండవది చెప్పినంతమాత్రమున మొదటి దానికి గౌరవము తగ్గదు.

రెండవది, మాతృభాషతోపాటు కన్నడమును బాగుగా నేర్పింపవలెను. నీటి వంతుల ప్రకటనలు, సహకార సంఘముల నియమావళులు, సలహా సమితి నిర్ణయములు కన్నడముననే యుండును. ఆ భాష చదువలేనివాడు తన హక్కును తెలిసికొనలేడు, పొరుగువాని బాధను వినలేడు. తెలుగు మనకు ఇల్లు, కన్నడము మనకు ఊరు. ఇల్లు విడువనక్కరలేదు. ఊరిని ఎరుగక బ్రతుకుటయు సాధ్యము కాదు.

మూడవది, నీటి వినియోగదారుల సహకార సంఘముల సమావేశములకు స్వయముగా పోవలెను. పైభాగమువారు లేని సమావేశములో చివరివారు మొరపెట్టుకొనుట వ్యర్థము. చివరివారు లేని సమావేశములో పైవారు తీర్మానించుట అన్యాయము. ఇరువురును కూర్చుండి, ఏ తూము ఎన్ని గంటలు తెరువవలెనో, ఏ పొలములో వరికి బదులు ఆరుతడి పైరు వేయవచ్చునో మాటలాడుకొన్ననాడు పోలీసుల యవసర ముండదు.

నాల్గవది, నీటి తగవును భాషాతగవుగా మార్చువారి మాటలను మన యిండ్లలో సాగనీయరాదు. అల్పసంఖ్యాకుల మైన మనకు అట్టి మార్పువలన కలుగు నష్టము అందరికంటె నెక్కువ.

ఇంటియొద్ద అడుగవలసిన ప్రశ్నలు

ఈ క్రింది ప్రశ్నలకు బిడ్డలతో కూడి సమాధానములు వెదకవలెనని కోరుచున్నాను.

1. మన పొలమునకు నీరు ఏ ఉపకాలువనుండి, ఏ తూమునుండి వచ్చుచున్నది? మనకు పైన ఎందరు, క్రింద ఎందరు కలరు?

2. మన సర్వే నంబరునకు మొదట నిర్ణయమైన పైరు ఏది? ఇప్పుడు మనము వేయుచున్న పైరు ఏది?

3. మన భూమి నమ్మినవారి కుటుంబము ఇప్పుడెచ్చట నున్నది? వారి బిడ్డలు ఏ బడిలో చదువుచున్నారు?

4. మన ఉపకాలువ చివరి గ్రామమును ఎప్పుడైన చూచితిమా? చూచినచో, ఆనాడు ఆ కాలువలో నీరుండెనా?

నాల్గవ ప్రశ్నకు సమాధానమును పుస్తకములో వెదకవలదు. ఒక ఆదివారమున బిడ్డను వెంటబెట్టుకొని కాలువగట్టు వెంబడి చివరివరకు పోయి రండు. అచ్చట పిల్లలు క్రికెట్టు ఆడుచు కనబడినచో, వారు ఆడుచున్న చోటు ఏదియో మీ బిడ్డకు చూపి చెప్పుడు.